శిగ పోసి కొలిచిన మందు

నన్ను చూసి ఖాయం చేసుకోవడానికి మా ఆయనకు ఒక పూట పట్టింది. తుపాకి మందు కొలిచే గొట్టం ఒకటి ఖాయం చేసుకోవడానికి మాత్రం జొన్న పాలు పోసుకున్న నాటి నుంచి గింజ గట్టిపడే దాకా పట్టింది. అందులో సగం యోచన నా మీద చేసి ఉంటే నేను ఈ ఇంటికి వచ్చేదాన్నే కాదేమో.

మాది కొంటాకు ఎగువన శబరి ఒడ్డు. అప్పుడు ఇదంతా బస్తరు రాజ్యం. ఏరు దాటితే ఇంగ్లీషువాళ్ల తాలూకా. ఆ ఒడ్డున ఒక చట్టం, ఈ ఒడ్డున ఒక చట్టం. అడవి పందులకు మాత్రం రెండు ఒడ్లూ ఒకటే. ఈదుకుంటూ వచ్చి మా చేలో మేసి, ఈదుకుంటూ పోయేవి. చేను అంటే పెద్ద చేనేమీ కాదు, ఏటి ఒండ్రు పేరుకున్న ఒక చెక్క. దాంట్లో జొన్న వేసేవాళ్లం. ఆ జొన్న చేతికొస్తే ఎండాకాలం అంబలి ఉంటుంది. రాకపోతే ఇప్పపువ్వు ఉడకేసుకొని తినాలి. ఆ ఏడు నేను తొలి కడుపుతో ఉన్నాను. కాన్పు ఎండల్లో. ఆ చేలో గాలికి ఊగుతున్నది నా బాలింత కూడు. నాకు ఇంకేమీ అక్కర్లేదు, ఆ చేను ఒక్కటి దక్కితే చాలు. ఇది మీరు మనసులో పెట్టుకొని వినండి, ఎందుకంటే మా ఇంట్లో మగాయన గానీ, ఆయన్ని కన్న తల్లి గానీ ఆ మాట మనసులో పెట్టుకోలేదు.

మా ఆయన దగ్గర ఒక రైఫిలు ఉండేది. కలప పని మీద వచ్చిన దొర ఒకడు, ఈయన జంతువుల జాడ బాగా చూపించాడని, పోతూ పోతూ ఇచ్చిపోయాడు. పంట కాపలాకని రాజ్యం వాళ్లు లైసెన్సు రాసిచ్చారు. ఒకసారికి ఒక్క తూటా పట్టే పాత తుపాకి. ఆ తూటాలు ఇత్తడివి. కాల్చాక డొప్ప పారేయక్కర్లేదు. అడుగున నిప్పు రవ్వ పుట్టించే కొత్త టోపీ బిగించి, లోపల మందు పోసి, పైన సీసపు గుండు కూర్చితే మళ్లీ పేలుతుంది. పట్నం తూటాలు దొరికినన్నాళ్లు ఆయన ఆ జోలికి పోలేదు. ఎక్కడో యుద్ధం వచ్చింది. ఎవరు ఎవరితో కొట్టుకున్నారో మాకు తెలియదు గానీ, తూటాలు రావడం ఆగిపోయింది. అప్పుడు ఖాళీ డొప్పలన్నీ గుడ్డలో మూటకట్టుకొని నట్టింట్లో కూర్చున్నాడు మహానుభావుడు.

తూటా నింపడంలో పెద్ద రహస్యమేమీ లేదు. మందు ఎక్కువ పడితే గుండు పైనుంచి పోతుంది. తక్కువ పడితే ముందే నేలకు దిగుతుంది. అన్ని తూటాల్లో ఒకే తీరుగా పడాలి, అంతే. ఒకే తీరుగా పోయాలంటే ఒక కొలత కావాలి. ఆ కొలతే ఆయనకు కుదరలేదు. 

మొదట చిన్న మారేడు కాయ ఒకటి తెచ్చి, పైన కోసి, గుజ్జు తీసి, ఎండబెట్టి డొల్ల చేశాడు. ముచ్చటగానే ఉంది, మూతి వెడల్పుగా, పసుపు కుంకుమ పెట్టుకోవడానికి పనికొచ్చేట్టు. మందు ముంచి, పైన మిగిలింది వేలితో మట్టంగా రాయబోయాడు. గడపలో కూర్చున్న మా అత్త చూసింది.

“ఏంది కొడుకా, రాస్తున్నవ్?”

“మందే అమ్మా. గింజలు కాదు.”

“చేనుకు పెట్టేదే గద. చేనుకు పెట్టేది ఏదైనా విత్తనమే. శిగ పోయ్.”

మా ఇళ్లల్లో అమ్మే గింజను మట్టంగా రాసి కొలుస్తాం. విత్తనాన్ని మాత్రం శిగ పోసి కొలుస్తాం. శిగ అంటే కొలత నిండాక దాని పైన గోపురంలాగా నిలబడేది. విత్తనం మీద చేయి రాస్తే పంట కూడా అలాగే రాసుకుపోతుందని నమ్మకం. సరే, గింజల దగ్గర ఎవరు కాదన్నారు? పిడికెడు ఎక్కువైతే నాలుగు మొక్కలు ఎక్కువ మొలుస్తాయి. తుపాకి మందుకు కూడా అదే శాస్త్రం పట్టించింది మా అత్త. పులి అడుగు మీద అడుగేసి నడిచే మనిషి, తల్లి మాటకు కిక్కురుమనకుండా శిగ పోశాడు.

“లాభం అను,” అంది. గింజ కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఆయన మొదటి తూటాలో మందు పోసి లాభం అన్నాడు.

“ఎవరికి లాభం? పందులకా, మనకా?” అన్నాను పొయ్యి దగ్గర నుంచి.

“నువ్వు పొయ్యి ఊదుకోవే,” అన్నారు తల్లీ కొడుకూ ఒక్క గొంతుతో. ఆ ఇంట్లో వాళ్లిద్దరికీ పొత్తు కుదిరేది నన్ను తిట్టేటప్పుడే.

ఆయనకు ఇంకో జబ్బు కూడా ఉండేది. అంగట్లో ఉప్పు షావుకారు మన సారపప్పు తీసుకునేటప్పుడు కుంచాన్ని నేలకేసి తట్టి, తట్టి, లోపలికి దించి, ఇంకా పోయించుకుంటాడు. తన ఉప్పు ఇచ్చేటప్పుడు మాత్రం ముట్టుకుంటే కందిపోతుందేమో అన్నట్టు జారవిడుస్తాడు. ఆ మోసం చూసి చూసి మా ఆయనకు ఏ కొలత చేతికొచ్చినా తట్టడం అలవాటైంది. మందు కొలత కూడా తట్టేవాడు. ఒకసారి రెండు దెబ్బలు, ఒకసారి నాలుగు దెబ్బలు, మాటల్లో పడితే ఇంకా ఎక్కువ. ఎవడి చేతిలో మోసపోకూడదని తడుతున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. కొనేవాడూ ఆయనే, అమ్మేవాడూ ఆయనే.

సొరబుర్ర ఒకటి చెదపుట్ట మీద పెట్టి కాల్చి చూశాడు. ఒక గుండు బుర్ర పైనుంచి పోయి ఏట్లో పడింది. ఇంకొకటి పుట్టలోకి దిగింది. తరువాతది ఎటు పోయిందో ఆ గుండుకే తెలియాలి. బుర్ర మాత్రం పెళ్లికూతురులాగా కదలకుండా కూర్చుంది. ఈయన తుపాకి దించి, మారేడు డొల్లను పైకెత్తి, వెలుతురులో అటు తిప్పి ఇటు తిప్పి చూసి, “కొలత మంచిది కాదు,” అన్నాడు. పాపం కాయ ఏం చేసింది?

మందు అంటే ఊరికే దొరికే వస్తువు కాదు. లైసెన్సు మీద ఏటికి ఒక డబ్బా ఇస్తారు. ఆ డబ్బాలో నుంచి రోజూ కొంత బుర్ర చుట్టూ గాలిలోకి పోతుంది. పందులు రోజూ చేలోకి వస్తూనే ఉన్నాయి. పొద్దు వాలితే చాలు, కంకి విరిగిన చప్పుడు ఇంట్లోకి వినపడేది. అది చప్పుడు కాదమ్మా, నా కడుపు మీద పడే దెబ్బ.

ఇంతలో నాకేదారు వచ్చాడు. అడవి నాకా మీద కూర్చొని, వచ్చేపోయే బండ్లను ఆపి తడిమి చూసే సర్కారు మనిషి. జగదల్‌పూరు వైపు వాడు. హల్బీ, హిందీ, మన తెలుగు మూడూ కలిపి కుడితిలాగా మాట్లాడేవాడు. తన సంచీలో నుంచి ఇత్తడి కొలత ఒకటి తీశాడు. చిన్న గిన్నెలాగా ఉంది, కింద మర ఉంది.

“అరే భాయ్, ఇది విలాయతీ మాల్. మర తిప్పితే అడుగు పైకొస్తది, మళ్ల తిప్పితే కిందికి పోతది. గలతీ అనేదే రాదు.”

“నీకు తుపాకే లేదు గద సాబ్, ఇది నీకెందుకున్నది?” అన్నాను.

“అందుకే ఇస్తున్న గద భాభీ.”

నిన్నగాక మొన్నటి ఎండల్లో నేను రాతి మీద ఒక్కొక్క గింజ పగలగొట్టి తీసిన సారపప్పు మొత్తం దాని కింద పోయింది. ఆ పప్పు ఉప్పుకని దాచింది. అట్లా ఆ ఏడు కూట్లోకి ఉప్పు కూడా లేకుండా చేశాడు. అడిగితే, “సరైన కొలత ఉంటే పంది పడుతుంది, పంది పడితే జొన్న నిలుస్తుంది, జొన్న నిలిస్తే ఉప్పు అదే వస్తుంది,” అన్నాడు. మగవాళ్లు లెక్క చెప్పేటప్పుడు వినడానికి ఎంత బాగుంటుందో!

ఆ మర దొరికాక ఆయన పని ఇంకా చెడింది. పొద్దున ఒక చుట్టు బిగించేవాడు. మధ్యాహ్నం ఎక్కువైందేమోనని అర చుట్టు వదిలేవాడు. సాయంత్రానికి ఎక్కడ మొదలుపెట్టాడో మరిచిపోయి మళ్లీ మొదటికి వచ్చేవాడు. దాని మూతి మారేడు డొల్ల కన్నా వెడల్పు. మా అత్త దాన్ని చేతిలోకి తీసుకొని, తూకం చూసి, “ఇత్తడిదైతే ఏంది, బంగారందైతే ఏంది, శిగ పోయ్,” అంది. అంత వెడల్పు మూతి మీద శిగ అంటే మీరే ఊహించుకోండి. ఒకసారి గుట్ట, ఒకసారి మిట్ట.

ఒక సాయంత్రం వెలుతురు ఇంకా ఉండగానే మంద దిగింది. ముందు పిల్లలతో ఆడపంది, వెనక కోరలు బయటికొచ్చిన మగపంది. ఈయన గట్టు వెనక బోర్లా పడుకొని కాల్చాడు. చెవులు గుయ్యిమన్నాయి, గట్టంతా తెల్లటి పొగ. పందులు తల ఎత్తి చూశాయి. పొగ తేలిపోయేదాకా మర్యాదగా ఆగి, మళ్లీ మేతకు దిగాయి.

“ఏందయ్యా, తుపాకి కాల్చినవా, ధూపమేసినవా?” అన్నాను.

ఆయన ఇంటికొచ్చి మర తిప్పుకుంటూ కూర్చున్నాడు. చేను ఏటి వైపు సగం నేలమట్టమైంది. నాకు ఆ ఇంట్లో ఇత్తడి కనపడితే ఒళ్లు మండేది.

తరువాత కంసాలి వచ్చాడు. ఏరు దాటి వచ్చి, ఊళ్లలో అరుగుల మీద కొలిమి పెట్టుకొని ముక్కుపుల్లలు, చెవి కమ్మలు చేసిపెట్టే మనిషి. ఆయన దగ్గర అరచేతిలో పట్టే తక్కెడ ఉంటుంది. గురివింద గింజలతో తూస్తాడు. ఈ తక్కెడ సంగతి మా ఆయన బుర్రలో ఎప్పుడు మెరిసిందో, ఆయన్ని కోడికూర భోజనానికి పిలుచుకొచ్చాడు. కోడి నాది. కోసింది నేను, వండింది నేను. తిన్నది వాళ్లిద్దరు.

తిన్నాక కంసాలి చేయి కడుక్కొని, తక్కెడ విప్పి, పళ్లెంలో ఆకు ముక్క వేసి, “పోయ్,” అన్నాడు. మా ఆయన ఇత్తడి గిన్నెతో మందు ముంచి, తట్టి, శిగ పోసి, ఆకు మీద ఒంపాడు. కంసాలి గింజలు వేసి తూచాడు. మళ్లీ పోయమన్నాడు, ఈసారి గింజలు చాలలేదు, ఇంకా వేశాడు. మూడోసారి పోస్తే వేసిన వాటిలో కొన్ని తీసేయాల్సి వచ్చింది.

“కొలత ఒకటే, చెయ్యి ఒకటే, మందు మూడు తీర్లు. నేను బంగారం గిట్ల తూచితే నన్ను శబరిలో ముంచుతరు,” అన్నాడు.

“అయితే ఏ కొలత తీసుకోమంటవ్?”

“కొలత సంగతి నన్నడుగుతవేంది? నీ శిగనడుగు. తట్టుడు ఒకటి మళ్ల. ఆ తట్టుడేంది, పిల్లను పండబెడుతున్నవా?”

గడపలో నుంచి మా అత్త లేచింది. “ఓ ఔసలాయనా, మా కోడిని తిని మా శిగకే వంక పెడుతున్నవా?”

“కోడికి వంక లేదు పెద్దమ్మా. కోడి బాగున్నది.”

పోనీ ఉన్న డొప్పలన్నిటికీ మందు తూచి పొట్లాలు కట్టి పొమ్మన్నాడు మా ఆయన. కంసాలి తక్కెడను పెట్టెలో పెట్టేశాడు. బంగారం తూచే పళ్లెంలో మసి పడితే లక్ష్మి పోతుందట. మూడు తూకాలకే ఒక కోడి! ఆయన లక్ష్మి ఎక్కడికీ పోలేదు, మా కోళ్ల గూట్లో నుంచి లేచి ఆయన పెట్టెలో కూర్చుంది.

అంతటితో తెలిసిపోయింది కదా, రేపటి నుంచి మట్టంగా రాసి పోస్తాడు అనుకున్నాను. ఎక్కడ? తల్లి ఒప్పుకోదు.

“నీ అయ్య ఒక ఏడు విత్తనం రాసి కొలిచిండు. ఏం జరిగింది? వరదొచ్చి మొత్తం తీసుకపోయింది.”

“అత్తా, ఆ వరదల అందరి చేన్లూ పోయినయంట గద. అందరూ రాసే కొలిచిన్రా?” అన్నాను.

“అందరి సంగతి నాకెందుకు? నా ఇంట్ల రాసిన్రు, నా చేను పోయింది.”

ఆ వరద ఏడు ఆమె పిల్ల ఒకటి ఆకలికి పోయిందని ఊళ్లో వాళ్లు చెప్పారు నాకు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఎంత దుఃఖం ఉన్నా మూర్ఖత్వం మూర్ఖత్వమే. నా పిల్ల ఇంకా కడుపులో ఉంది. మా ఆయన తల్లికి ఎదురు చెప్పలేక, శిగ పోసిన మందును నమ్మలేక, రెండు కొలతలనూ ఎదురుగా పెట్టుకొని తీర్పు చెప్పే పెద్దమనిషిలాగా కూర్చున్నాడు. ఈయన పులులను చూశాడని ఊరంతా గొప్పగా చెప్పుకునేది. తల్లిని దాటి ఒక వేలు కదపలేని మనిషి పులిని చూస్తే ఎంత, చూడకపోతే ఎంత! చాలా ఏళ్ల తరువాత చలిజ్వరమొచ్చి, నేనిప్పుడు కూర్చున్న ఈ మంచంలోనే పోయాడు. ఏ పులీ ఆయన జోలికి రాలేదు.

అయితే ఒకటి చెప్పాలి. తిట్టిన నోటితోనే చెబుతున్నాను. వెదురు గొట్టం ఆలోచన ఆయనదే, ఇంకొకరు చెప్పింది కాదు. ఒక పొద్దున పొదలో నుంచి సన్న వెదురు నరికి తెచ్చాడు. చూపుడు వేలు కూడా దూరనంత ఇరుకు మూతి, పొడుగు జానెడు. ఒక కణుపు అడుగు ఉంచి, పైన కోసి, లోపల ఇసుకతో తోమి నున్నగా చేశాడు. పొడుగు ఎక్కువైందని, ఒక డొప్పకు సరిపడే మందు పట్టేదాకా కొంచెం కొంచెంగా కోసుకుంటూ వచ్చాడు. మందు పోసి, తల్లి ముందుకు తీసుకుపోయి, “అమ్మా, నువ్వే పోయ్ శిగ,” అన్నాడు.

ఆమె చిటికెడు మందు తీసుకొని పోసింది. ఇరుకు మూతి కదా, ఏం నిలబడుతుంది? మిగతాదంతా జారి కింద పరిచిన ఆకులో పడింది. పైన ఆవగింజంత మిట్ట నిలిచింది. ఇంకా పోసింది, ఇంకా జారింది. ఎంత పోసినా అంతే నిలుస్తుంది, అంతకు మించి నిలవదు. ఆమె గొట్టాన్ని చూసింది, కొడుకు మొహం చూసింది, నా కడుపు వైపు ఒకసారి చూసింది. ఆమెకు ఆ కిటుకు అర్థం కాలేదని నేను ఇప్పటికీ అనుకోను.

“శిగ ఉన్నదా?” అంది తనలో తాను. “ఉన్నది. మూతి ఇరుకైతే నేనేం చేస్త? ఉన్నది గద. పోయ్.”

ఇంక మిగిలింది తట్టుడు జబ్బు. ఆయన కుడిచేత్తో గొట్టం పట్టుకొని, ఎడమచేతి వేళ్లతో తడతాడు. ఆ ఎడమచేతిని నేను పట్టుకొని కూర్చున్నాను, తూటాలు నింపినంతసేపూ. పెళ్లినాటి తరువాత ఆయన చేయి అంతసేపు పట్టుకున్నది అప్పుడే. మధ్య మధ్యలో వేళ్లు గిలగిలలాడేవి, చేపలాగా. “ఆగు,” అనేదాన్ని. ప్రతి డొప్పలోనూ పుల్ల ముంచి చూశాడు, మందు ఎంతవరకు వచ్చిందో. పుల్ల మీద మసి గీత ఒకే చోట పడింది. అన్నిటికీ పోయడానికి మందు లేదు. డబ్బా అడుగు కనపడింది. గుప్పెడు తూటాలయ్యాయి. బుర్ర మీద కాల్చి చూద్దామా అన్నాడు. చూశావంటే ఆ బుర్రతో నీ తల పగలగొడతా అన్నాను.

ఆ సాయంత్రమే మంద వచ్చింది. ఆయన గట్టు వెనక, నేను ఆయన వెనక గొడ్డలి పట్టుకొని. మగపంది చేను నడిమికి వచ్చి, ఒక మొక్కను రొమ్ముతో వంచి కంకి అందుకుంటోంది. అది నములుతున్న చప్పుడు వింటే ఇప్పటికీ నాకు పళ్లు గిట్టకరుచుకుపోతాయి. తుపాకి పేలింది. పొగ. పొగలో నుంచి అరుపు. పంది పడి, లేచి, గుండ్రంగా తిరిగి, చుట్టూ ఉన్న జొన్నంతా పడగొట్టి, దాని మీదే పడింది. రెండో గుండుకు ఏటి గట్టున ఇంకొకటి దొర్లింది. మిగతా మంద నీళ్లలో పడి అవతలి ఒడ్డుకు పోయింది. ఆ పంట కాలంలో మళ్లీ ఈ ఒడ్డుకు రాలేదు.

ఇంక చూడండి సంబరం. మాంసం కోసమని ఊరు ఊరంతా చేలోకి దిగింది. పందులు తొక్కకుండా వదిలిన మొక్కలను మనుషులు తొక్కారు. నాకేదారు పరుగెత్తుకొచ్చి, “చూసినవా భాయ్, విలాయతీ మాల్!” అని ఒక తొడ కోసుకొని పోయాడు. ఆ ఇత్తడి గిన్నెలో నేను అప్పటికే కోడిపిల్లలకు నూక పోస్తున్నాను. మా అత్త వచ్చినవాళ్లందరికీ శిగ మహిమ చెప్పింది. కంసాలి అవతలి ఒడ్డున తన తక్కెడ మహిమ చెప్పుకుంటున్నాడని తెలిసింది. మా ఆయన వెదురు గొట్టాన్ని మొలకు కట్టుకొని తిరిగాడు, పెద్ద పతకం వచ్చినట్టు. ఎవరడిగినా విప్పి చూపించేవాడు, అడగకపోయినా చూపించేవాడు.

నేను గంప తీసుకొని చేలోకి పోయాను. నిలబడ్డ కంకులు కోయడానికి ఎంతసేపూ పట్టలేదు. మిగతావి నేల మీద, బురదలో, పంది రక్తంలో, మనుషుల అడుగుల కింద ఉన్నాయి. వంగలేను కదా, కూర్చొని, జరుగుతూ, గింజ గింజ ఏరాను. రెండో రోజు మా అత్త వచ్చి, ఏమీ మాట్లాడకుండా, అవతలి మూల నుంచి ఏరడం మొదలుపెట్టింది. ఏరి, కడిగి, ఎండబోస్తే గాదె అడుగు మాత్రం మూసేంత అయ్యాయి. ఇప్పపువ్వు కలుపుకొని, ఉప్పు లేని అంబలి పలచగా కాచుకొని, కాన్పు దాకా లాక్కొచ్చాను. ఆడపిల్ల పుట్టింది. బతికింది. పాలు సరిపోక చీకి చీకి ఏడ్చేది గానీ, బతికింది. దానికి పాలు రావడానికి ఆ గింజలే తిన్నాను నేను. మగవాళ్లకు మాత్రం తినడానికి పంది కథ ఉంది. వర్షాలు పడేదాకా అరుగు మీద కూర్చొని దాన్నే తిన్నారు.